జపాన్ హోటల్ గదిలో నేల ఎందుకంత ముఖ్యం

టోక్యో స్టేషన్ పక్కన ఒటెమాచి అని ఆఫీసుల పేట ఒకటుంది. బ్యాంకులు, కార్పొరేట్ హెడ్డాఫీసులు, అద్దాల టవర్లు, సూటు వేసుకుని గబగబా నడిచే జనం. అక్కడే, కాస్త నడిస్తే చేరిపోయే దూరంలో, రెండు బాగా ఖరీదైన హోటళ్ళున్నాయి. 2014 డిసెంబర్‌లో తెరిచిన అమన్ టోక్యో ఒకటి, 2016లో వచ్చిన హోషినోయా టోక్యో ఇంకొకటి. రెండింటిలోనూ గదులు 84 చొప్పునే. జపాన్ సంప్రదాయం, జపాన్ ప్రకృతి అని రెండూ చెప్పుకుంటాయి. లోపలికి అడుగుపెడితే మాత్రం ఆ సంప్రదాయాన్ని ఒక్కొక్కటి ఒక్కోలా అర్థం చేసుకుందని తెలిసిపోతుంది.

అమన్ లాబీ 33వ అంతస్తులో ఉంటుంది. సింగపూర్ నుంచి పనిచేసిన ఆస్ట్రేలియా ఆర్కిటెక్ట్ కెర్రీ హిల్ దీన్ని డిజైన్ చేశారు. లిఫ్ట్ దిగి తలెత్తితే దాదాపు 30 మీటర్ల ఎత్తున పైకప్పు. తెల్లటి కాగితపు లాంతరులోకి దూరి లోపలి నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా కనిపించేలా దాన్ని చేశారు. పగటి వెలుగు మారేకొద్దీ ఆ తెలుపూ రంగు మారుతుంది. కింద నల్లరాయి, నిలిచిన నీళ్ళు, నీళ్ళ మధ్యలో కాలానికి తగ్గట్టు మార్చే పూలకొమ్మల అలంకరణ. అద్భుతంగా ఉంటుంది, సందేహం లేదు. అయితే అతిథి బూట్లతోనే వస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, కళ్ళప్పగించి చూస్తాడు. ప్రపంచంలో ఏ పెద్ద హోటల్లోనైనా చేసేది అదే.

హోషినోయాలో బూట్లు ముందు విప్పాలి. గది దగ్గరికి వెళ్ళాక కాదు, రోడ్డు మీదనుంచి తలుపు దాటగానే. ఒక గోడ మొత్తం చెక్కతో, వెదురుతో చేసిన అరలే. విప్పిన బూట్లు సిబ్బంది తీసుకెళ్ళి అందులో పెడతారు. అక్కడి నుంచి నేలంతా తతామి చాపే. కారిడార్లోనూ చాపే, లిఫ్టులోనూ చాపే. చెప్పులు గుమ్మం దగ్గర వదలడం తెలుగిళ్ళలో పెరిగినవాళ్ళకి కొత్తేం కాదు గానీ, ఫైవ్‌స్టార్ హోటల్ రిసెప్షన్‌లో సాక్సులతో నిలబడటం ఎవరికైనా కొత్తే. చూస్తుండగానే నడక నెమ్మదిస్తుంది. సూట్‌కేసు చక్రాల చప్పుడు ఉండదు. గొంతు కూడా ఎవరూ చెప్పకుండానే తగ్గుతుంది.

జపాన్ శైలి ఇంటీరియర్ గురించి వచ్చే రాతల్లో ఎక్కువ భాగం వస్తువుల జాబితాలే: వెదురు, కాగితం, రాయి, బోన్సాయ్, లేతరంగు చెక్క. వీటిని ఏ దేశంలోనైనా కొనుక్కుని గదిలో పేర్చుకోవచ్చు. పేర్చినా అది జపాన్ గదిలా అనిపించకపోవడానికి కారణం నేలలోనూ, ఆ నేలని రోజూ చూసుకునే మనుషుల్లోనూ ఉంది. పాత జపాన్ గది నేల మీద కూర్చునేవాడి కొలతల్లో కట్టింది. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళు నేల నుంచి సుమారు 110-120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, నేల మీద కూర్చున్నవాడి కళ్ళు 80 సెంటీమీటర్ల చిల్లర ఎత్తులో ఉంటాయి. ఆ ఒకటిన్నర జానల తేడా గదిలో ప్రతిదాన్నీ మారుస్తుంది.

ఉదాహరణకి యుకిమి షోజి అని ఒక రకం తలుపుంటుంది. పైన చెక్క చట్రానికి అంటించిన కాగితం, కింది సగంలో అద్దం. లోపలి కాగితపు పలక పైకి జరిపితే ఆ అద్దంలోంచి తోట కనిపిస్తుంది. మంచు కురుస్తుంటే గదిలో కూర్చుని చూడటానికి చేసుకున్న ఏర్పాటు అది. చాప మీద కూర్చున్నవాడికి రాయి, నాచు, మంచు అన్నీ కంటికి తిన్నగా కనిపిస్తాయి. అదే గదిలో మామూలు ఎత్తు మంచం, సోఫా వేసి చూడండి. కూర్చున్నవాడి ముఖానికి ఎదురుగా కాగితం వస్తుంది, తోట మోకాళ్ళ దగ్గరికి దిగిపోతుంది. తోకొనోమా సంగతీ ఇంతే. గోడలో లోపలికి తీసిన ఆ అలంకరణ గూట్లో వేలాడే చిత్రపటం, దాని ముందు పెట్టిన ఒక్క పువ్వు, రెండూ నేలమీది చూపుకే అమర్చినవి. ఇది తెలిసిన డిజైనర్లు ఫర్నిచర్‌నే కిందికి దించుతారు. హోషినోయా హోటళ్ళలో సోఫాలు బాగా పొట్టిగా ఉండేది అందుకే. చాప మీద పెట్టే కుర్చీలకి విడివిడి కాళ్ళ బదులు అడుగున పొడుగాటి పట్టీలు వేస్తారు, చాపలో గుంటలు పడకుండా.

ఇక ఆ చాప. తతామి అంటే పరుచుకుని చుట్టేసే చాప కాదు. ఐదారు సెంటీమీటర్ల మందం ఉండే దిమ్మ అది. పాత పద్ధతిలో లోపల గట్టిగా కుట్టిన వరిగడ్డి, పైన ఇగుసా అనే తుంగజాతి గడ్డితో నేసిన పొర, రెండు అంచులకీ గుడ్డ పట్టీ. క్యోటో కొలతలో ఒక్కోటి సుమారు 191 సెంటీమీటర్ల పొడవు, 95.5 వెడల్పు. టోక్యో వైపు కాస్త చిన్నది. గది ఎంత పెద్దదని అడిగితే జపాన్‌లో ఇప్పటికీ ఎన్ని తతామిలో చెబుతారు. చాప కొలతే గది కొలత కాబట్టి స్తంభాలు, తలుపులు, గూళ్ళు అన్నీ దానికి లోబడాల్సిందే. కొత్తగా పరిచినప్పుడు లేత ఆకుపచ్చగా ఉండి, పచ్చగడ్డి వాసన వేస్తుంది. ఎండ తగిలేకొద్దీ పండిన వరిగడ్డి రంగుకి తిరుగుతుంది. కొన్నేళ్ళకి పై పొరని తిరగేసి కుడతారు, మరికొన్నేళ్ళకి పొర మొత్తం మార్చేస్తారు.

హోటల్ లెక్కల్లో ఇది తలనొప్పి. కాఫీ ఒలికితే మరక పోదు, తేమకి బూజు పడుతుంది, చక్రాల పెట్టె లాగితే పొర చిరుగుతుంది. జపాన్‌లో పండే ఇగుసాలో 90 శాతానికి పైగా కుమమోతో ప్రాంతం నుంచే వస్తుంది, అదీ ఏటేటా తగ్గుతోంది. దేశంలో వాడే చాప పొరల్లో ఎక్కువ భాగం చైనా నుంచి దిగుమతి. అందుకని చాలా హోటళ్ళు కాగితాన్ని దారంలా పేని, రెసిన్ పూసి నేసిన కొత్తరకం చాపలకి మారాయి. ఇవి రంగు వెలిసిపోవు, మరక పట్టవు. చూడ్డానికి పెద్ద తేడా ఉండదు. ఆ వాసన మాత్రం ఉండదు, వయసుతోపాటు మారడమూ ఉండదు. మెయింటెనెన్స్ మేనేజర్‌కి వరమే. సంప్రదాయం కోసం అంత డబ్బు కట్టి వచ్చిన అతిథికి మాత్రం అసలు దక్కాల్సిన దాంట్లో సగం పోయినట్టే.

వస్తువుల కన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. పాతకాలపు బసని ర్యోకాన్ అంటారు. యమనాషిలోని నిషియామా ఓన్సెన్ కేయున్‌కాన్ క్రీ.శ. 705 నుంచి నడుస్తోందని దాని చరిత్ర చెబుతుంది. ర్యోకాన్‌లో గది ఒక్కటే, కానీ పూటపూటకీ మారిపోతుంటుంది. మధ్యాహ్నం పొట్టి బల్ల, టీ. సాయంత్రం అదే బల్ల మీద పది పన్నెండు చిన్న గిన్నెల్లో భోజనం. అతిథి స్నానానికి వెళ్ళొచ్చేసరికి బల్ల పక్కకి జరిగి పరుపులు పరిచి ఉంటాయి. పొద్దున మళ్ళీ పరుపులు అలమరలోకి. గది ఖాళీగా కనిపించడానికి కారణం అదే: ఏ వస్తువూ అవసరం తీరాక అక్కడ ఉండదు. ఆ ఖాళీతనం వెనక నకాయ్ అనే పనిమనిషి రోజుకి అరడజను సార్లు గదిలోకి వచ్చి వెళ్ళడం ఉంది.

అంతర్జాతీయ లగ్జరీ సూత్రం దీనికి పూర్తిగా అడ్డం. తలుపు వేసుకున్నాక ఎవరూ తట్టకూడదు, అదే లగ్జరీ. మంచం మంచం చోటే ఉండాలి, సోఫా సోఫా చోటే ఉండాలి. కాబట్టి ఒక్క గది చేసే పనిని మూడు గదులకి పంచాలి. విస్తీర్ణం పెరుగుతుంది, ఫర్నిచర్ పెరుగుతుంది, ఖాళీ పోతుంది. పోయిన ఖాళీని తిరిగి తెచ్చుకోవడానికి విస్తీర్ణం ఇంకా పెంచుతారు. అమన్ టోక్యోలో అన్నిటికన్నా చిన్న గదే 71 చదరపు మీటర్లు. అంత చోటు ఇచ్చి, అందులో కొద్దిగానే సామాను పెట్టడం వల్ల ఖాళీగా అనిపిస్తుంది. జపాన్ చట్టం కూడా చాలాకాలం హోటల్‌నీ ర్యోకాన్‌నీ వేరు కులాలుగానే చూసింది. హోటల్‌కి కనీసం 10 గదులు, ర్యోకాన్‌కి 5 ఉండాలనే నియమం 2018 జూన్ దాకా నడిచింది. ఆ నెలలో అమల్లోకొచ్చిన సవరణ రెండింటినీ ఒకే గాటన కట్టేసింది. డిజైనర్లు అప్పటికే ఆ గోడ దాటేశారు, చట్టం వెనకాల వచ్చింది.

కాగితం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే జపాన్ గదిలో దీపం కన్నా కాగితానికే పని ఎక్కువ. వాషి కాగితాన్ని ప్రధానంగా కోజో చెట్టు బెరడు నారతో చేస్తారు. ఆ నారపోగులు పొడుగ్గా ఉండటంవల్ల కాగితం పలచగా ఉన్నా గట్టిగా ఉంటుంది. ఎండ దాని మీద పడితే అటువైపు నీడలు మెత్తబడి, వెలుగు గదంతా సమంగా పరుచుకుంటుంది. సెకిషు, మినో, హొసొకవా రకాల చేతి కాగితాన్ని యునెస్కో 2014లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇళ్ళలో షోజి తలుపుల కాగితాన్ని ఏడాది చివర చింపి కొత్తది అంటించడం ఆనవాయితీ.

హోటల్లో చెక్క, కాగితం అనగానే ఫైర్ డిపార్ట్‌మెంట్ గుర్తుకొస్తుంది. 1982 ఫిబ్రవరి 8న టోక్యోలో హోటల్ న్యూ జపాన్ తగలబడి 33 మంది చనిపోయారు. స్ప్రింక్లర్లు లేకపోవడం అక్కడ ప్రాణాల మీదికి తెచ్చింది. ఎత్తైన భవనాల్లో లోపలి గోడలకీ పైకప్పులకీ ఏం వాడొచ్చన్న నిబంధనలు గట్టిగానే ఉంటాయి. అందుకే టవర్లలోని హోటళ్ళలో కనిపించే ‘కాగితం’ చాలాసార్లు మంటని తట్టుకునే రసాయనం పట్టించినదో, రెండు అద్దాల మధ్యో ప్లాస్టిక్ పొరల మధ్యో బిగించినదో అయి ఉంటుంది. చిరగదు, మాయదు, ఏటా మార్చక్కర్లేదు. వెలుగుని దాదాపు అలాగే వడకడుతుంది. దీన్ని మోసం అనడం తొందరపాటు అవుతుంది. 38వ అంతస్తులో అసలు కాగితం పెట్టమని అడిగేవాళ్ళు అక్కడ పడుకోవడానికి ఒప్పుకుంటారా అన్నది వేరే ప్రశ్న.

ఈ మొత్తం వ్యవహారంలో అందరూ గురువుగా చూసే గది ఒకటుంది. అది టోక్యోలోని హోటల్ ఒకురా లాబీ. ఒలింపిక్స్‌కి రెండేళ్ళ ముందు, 1962లో తెరిచారు. దాన్ని తీర్చిన ఆర్కిటెక్ట్ యొషిరో తనిగుచి. అందులో చాప లేదు, అందరూ బూట్లతోనే తిరుగుతారు. కానీ నేలమీది చూపుని కుర్చీ మీదికి ఎలా ఎక్కించాలో ఆయన కనిపెట్టాడు. కుర్చీలు పొట్టివి. గుండ్రటి బల్ల చుట్టూ ఐదు కుర్చీలు. పై మెట్ల నుంచి చూస్తే బల్ల పుప్పొడి, కుర్చీలు రేకులు, లాబీ నిండా రాలిన ప్లమ్ పూలు. పైనుంచి వేలాడే దీపాలకి ప్రాచీన సమాధుల్లో దొరికిన పూసల ఆకారం, ఒకదాని కింద ఒకటి గుచ్చిన దండలా. కిటికీల పైభాగాన జనపనార ఆకు డిజైనులో సన్నటి చెక్కముక్కలు మేకుల్లేకుండా అల్లిన కుమికో జాలీ. కిటికీలకి కాగితపు తెరలు, వాటిమీద బయటి వెదురు ఆకుల నీడ. ఒక్క వస్తువూ ‘నేను జపాన్‌ని’ అని అరవదు. పూల సంగతి ఎవరో చెబితే తప్ప చాలామందికి తట్టదు.

2015లో ఆ భవనాన్ని కూల్చబోతున్నారని తెలిసి, ఇటాలియన్ ఫ్యాషన్ సంస్థ బొట్టెగా వెనెటా డిజైనర్ టోమస్ మాయర్‌తో సహా ప్రపంచం నలుమూలల నుంచీ అభిమానులు గగ్గోలు పెట్టారు. కూల్చారు. 2019 సెప్టెంబర్‌లో అక్కడే 41 అంతస్తులదొకటి, 17 అంతస్తులదొకటి రెండు కొత్త భవనాలు తెరిచి, పాత లాబీని కొత్త భవనంలో మళ్ళీ కట్టారు. కట్టింది యొషిరో కొడుకు యొషియో తనిగుచి, అప్పటికే న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం విస్తరణతో పేరున్న ఆర్కిటెక్ట్. తండ్రి చేసిన గదిని కొడుకు తన ముద్ర లేకుండా తిరిగి నిలబెట్టడం వృత్తిలో అరుదు. ఫలితం అచ్చం పాతదేనా అని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పూసల దీపాలు, పూల బల్లలు, జాలీ అన్నీ ఉన్నాయి. యాభై ఏళ్ళ పైబడిన వాడకం మిగిల్చే మెరుపు మాత్రం కొత్త భవనానికి ఎవరూ తొడగలేరు.

ప్రకృతి విషయానికొస్తే, లోపలికి చెట్లు తెచ్చి పెట్టడం ఇందులో అన్నిటికన్నా తేలికైన పని, అంత గొప్ప పనేం కాదు. జపాన్ తోటల్లో ఇంకో పాత ఉపాయం ఉంది: దూరాన కనిపించే కొండని తోటలో భాగంగా చేసుకోవడం. క్యోటోలోని ఎన్‌ట్సుజి గుడిలో కూర్చుంటే ముందు నాచు, రాళ్ళు, తర్వాత కత్తిరించిన పొదల కంచె, ఆ పైన హియే కొండ. కంచె మధ్యలో ఉన్నదంతా దాచేస్తుంది కాబట్టి కొండ తోటలోంచే లేచినట్టుంటుంది. 2019లో తెరిచిన పార్క్ హయత్ క్యోటో ఇదే పని యసకా పగోడాతో చేస్తుంది. 70 గదుల పొట్టి హోటల్, హిగషియామా వాలు మీద కట్టింది. కిటికీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో లెక్కగా చూసుకున్నారు, పగోడా మనదే అనిపించేలా. ఈ అందంలో సగం వాటా క్యోటో నగరపాలక సంస్థదే. 2007 నుంచి నగరం నడిబొడ్డున కూడా భవనాల ఎత్తు 31 మీటర్లు మించకూడదని, కప్పుల మీద బోర్డులు పెట్టకూడదని నియమం తెచ్చింది. పక్కవాడు టవర్ కడితే అరువు తెచ్చుకున్న దృశ్యం రాత్రికి రాత్రే పోతుంది కదా.

మాండరిన్ ఓరియంటల్ టోక్యో ఇంకో దారి పట్టింది. 2005లో నిహొన్‌బషిలో తెరిచిన ఈ హోటల్‌కి అడవి, నీళ్ళు ఇతివృత్తం. మొత్తం హోటల్‌ని ఒకే చెట్టుగా ఊహించుకుని, నేత కళాకారిణి రెయికో సుదో ఒక్కో చోటికి ఒక్కో గుడ్డ తయారుచేసింది. నిజమైన ఆకు ఒక్కటి లేకుండా, నేతలోనే బెరడు, నీటి మడతలు చూపించింది. లాబీలో ప్లాస్టిక్ సకురా (చెర్రీ పూల) కొమ్మలు గుచ్చే హోటళ్ళు దీన్ని ఒకసారి చూసి రావాలి.

స్నానాల గది గురించి రెండు మాటలు. హినోకి అనే జపాన్ సైప్రస్ చెక్కతో చేసిన తొట్టి ఫొటోల్లో చాలా బాగుంటుంది, వేడినీళ్ళు పడితే మంచి వాసన వేస్తుంది. దాన్ని ఎండబెడితే పగిలి కారుతుంది, తడిగా వదిలితే నల్లబడుతుంది. అందుకే తొట్టి రాతితో చేసి, అంచు మాత్రం చెక్కతో వేసేవాళ్ళున్నారు, తెలివైన పనే. ముఖ్యమైంది తొట్టి కన్నా తొట్టి బయట ఉండే తడినేల. ముందు బయట కూర్చుని శుభ్రంగా ఒళ్ళు రుద్దుకుని, తర్వాతే నీళ్ళలో దిగాలి. ఆ చోటు ఇవ్వకుండా హినోకి తొట్టి పెడితే అది ఖరీదైన బాత్‌టబ్ అంతే. హోషినోయా టోక్యో నేలలో 1500 మీటర్ల లోతుకి బోరు వేసి, ఉప్పటి వేడినీటి ఊట తెచ్చి, 17వ అంతస్తులో ఆకాశం కనిపించే తొట్టిలో పోసింది. ఆఫీసుల పేట నడుమ అది పిచ్చి ఖర్చే.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి ఒక పాత జంటని గుర్తుచేసుకోవాలి. 16వ శతాబ్దంలో దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న తొయొతోమి హిదెయోషి, మడిచి మోసుకెళ్ళగల టీ గదిని బంగారు రేకులతో చేయించి 1586లో చక్రవర్తికి చూపించాడు. ఆయన టీ గురువు సెన్ నో రిక్యు కట్టాడని చెప్పే తాయ్-అన్ అనే టీ గది రెండు చాపలంత. మట్టి గోడలు, వంగి దూరాల్సిన గుమ్మం. 1591లో హిదెయోషి ఆజ్ఞతో రిక్యు పొట్ట కోసుకుని చచ్చిపోయాడు. నేటి జపాన్ శైలి లగ్జరీ హోటల్ ఆ ఇద్దరినీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టింది: గోడల్లో రిక్యు, బిల్లులో హిదెయోషి. ఇందులో కపటం లేదనలేం గానీ, టీ గది ఎప్పుడూ పేదవాడి గుడిసె కాదని కూడా గుర్తుంచుకోవాలి. అప్పట్లోనూ ఆ నిరాడంబరం డబ్బున్నవాళ్ళ ఆటే. వంకర దుంగని వెతికి తెచ్చే ఖర్చు తిన్నటి దూలం ఖర్చు కన్నా ఎక్కువే అయ్యేది.

ఆ డబ్బు ఎటు పోతోందన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్న. క్యోటోలో 2020లో తెరిచిన హోటల్ ది మిత్సుయి, ఆ స్థలంలో నిలిచి ఉన్న 1703 నాటి కజియిమియా ద్వారాన్ని బాగుచేయించి, అతిథులు దాని కిందుగానే లోపలికి వచ్చేలా పెట్టింది. అలాంటి పని చేయగల వడ్రంగులకి అది కూలి. క్యోటోలోని నిషిజిన్ పేట నేత ఇంకా మంచి ఉదాహరణ. కిమోనో నడికట్టు కోసం నేసే ఆ జరీ గుడ్డ వెడల్పు 32 సెంటీమీటర్లే ఉండేది, మగ్గమే అంత. కిమోనోలు కట్టేవాళ్ళు తగ్గిపోతే మగ్గాలు మూలపడ్డాయి. 1688 నుంచి నేత పనిలో ఉన్న హొసొఒ కుటుంబం 2010లో 150 సెంటీమీటర్ల వెడల్పు నేయగల మగ్గాన్ని తయారుచేసుకుంది. ఆ వెడల్పుంటే గోడకి అతికించొచ్చు, సోఫాకి తొడగొచ్చు, తెర కుట్టొచ్చు. ఫ్యాషన్ దుకాణాలు, పెద్ద హోటళ్ళు కొనడం మొదలుపెట్టాయి. వాషిని సన్నటి పట్టీలుగా కోసి, బంగారు వెండి రేకులు అతికించి పోగుగా వాడే పాత పనితనం అలా మగ్గం మీద నిలబడింది. ఇగుసా పండించే కుమమోతో రైతుకి మాత్రం అలాంటి మగ్గం ఇంకా దొరకలేదు. హోటళ్ళు ప్లాస్టిక్ పూసిన కాగితపు చాపలే ఆర్డర్ ఇస్తున్నంతకాలం దొరకదు కూడా.